స్పెషల్ ట్రిమ్ ఉన్న పాత అంబాసిడర్ కొన్నాను: ఆ ట్రిమ్‌కు ఎంత ఇవ్వొచ్చు (నా అనుభవం)

2025 సెప్టెంబర్ మొదటి వారంలో జగిత్యాలలో ఒక అంబాసిడర్ ఆవిగో (అంబాసిడర్‌లోనే స్పెషల్ ట్రిమ్‌తో వచ్చిన మోడల్) అమ్మకానికి ఉందని కబురొచ్చింది. 2026 జనవరి నెలాఖరుకు అది నా పేరు మీదికి మారి, ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయి, హనుమకొండకు చేరింది. ఈ ఐదు నెలల్లో పైసలు ఎక్కడ పోయాయి, ఏ పనికి ఎంత ఆగాల్సొచ్చింది, 'స్పెషల్ ఎడిషన్' అన్న మాటకు అసలు ఎంత ఇవ్వొచ్చు అన్నది వరుసగా రాస్తున్నాను. పాత బండి కొందామనుకునేవాళ్లు బయానా ఇచ్చే ముందు చదివితే పనికొస్తుంది.

అమ్మే ఆయన చెప్పిన ధర 3,25,000. అప్పుడు వరంగల్, కరీంనగర్ చుట్టుపక్కల అదే 1800 సీసీ ఇసుజు పెట్రోల్ ఇంజన్ ఉన్న, దాదాపు అంతే వయసున్న మామూలు అంబాసిడర్లు నడిచే కండిషన్‌లో లక్షా డెబ్బై, లక్షా ఎనభై పలుకుతున్నాయి. అంటే లక్షన్నర దాకా తేడా. ఇంజన్ అదే, గేర్‌బాక్స్ అదే, కింద బాడీ అదే. హిందుస్థాన్ మోటార్స్ 2004లో ఆవిగో తెచ్చినప్పుడు మార్చింది కొంతే. ముందు భాగాన్ని పాతకాలపు పోలికతో దిద్దారు, మీటర్లను డ్రైవర్ ఎదుట నుంచి డ్యాష్‌బోర్డు మధ్యకు జరిపారు, లేత గోధుమ రంగు సీట్లు, చెక్క రంగు ప్యానెల్ ఇచ్చారు. ట్రిమ్ అంటే ఇవే, ఆయన లక్షన్నర ఎక్కువ అడుగుతున్నది వీటికే. కాబట్టి నేను చూడాల్సింది ఒకటే: ఈ ముక్కలు ఆ బండిలో ఇంకా ఉన్నాయా, ఉంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చినవేనా?

మన దగ్గర స్పెషల్ ఎడిషన్ అనే మాటను దేనికి పడితే దానికి తగిలిస్తారు. 2003లో మారుతి జెన్‌లో కార్బన్, స్టీల్ అని మూడు డోర్ల బండ్లు తక్కువ సంఖ్యలో వచ్చాయి. వాటికి బాడీయే వేరు, ముందు డోర్లు పొడుగు. ఐదు డోర్ల జెన్‌ను తెచ్చి ఎవరూ కార్బన్‌గా మార్చలేరు, మార్చినా ఆ ఖర్చుకు అర్థం ఉండదు. అలాంటి బండికి ఎక్కువ అడిగితే న్యాయమే. ఇంకో కొసన షోరూంలో అతికించిన స్టిక్కర్లు, సీటు కవర్లు, మడ్ ఫ్లాపులు ఉంటాయి. పండుగ సీజన్‌లో బండ్లు కదలడానికి డీలర్లు వేసి ఇచ్చినవి అవి. ఇరవై ఏళ్ల తర్వాత వాటికి నా లెక్కలో రూపాయి కూడా కలవదు. ఆవిగో ఈ రెండింటి మధ్యది. ఫ్యాక్టరీలోనే వేరుగా తయారైంది గానీ, వేరుగా ఉన్నవన్నీ స్క్రూ డ్రైవర్‌తో విప్పదగ్గ ముక్కలు. అంటే పోగొట్టుకోవడమూ సులువే, మామూలు బండికి తగిలించి మోసం చేయడమూ సాధ్యమే.

సెప్టెంబర్ రెండో వారంలో బండి చూడటానికి పోయాను. రేకుల షెడ్డు కింద మూడేళ్లుగా కదలకుండా ఉంది. ఇలాంటి బండి చూడటానికి పోయేటప్పుడు నాలుగు వస్తువులు వెంట ఉండాలి: బట్ట చుట్టిన అయస్కాంతం, టార్చ్, చిన్న అద్దం, పెయింట్ మందం చూపించే మీటర్. మీటర్ కొనాల్సిన పని లేదు. బండ్లు కొని అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతుంది, ఒక రోజుకు అడిగితే ఇస్తారు. ఫ్యాక్టరీ రంగు ఉన్న చోట ఆ మీటర్ మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు చూపిస్తుంది. మళ్లీ రంగు వేస్తే 250 దాటుతుంది. 500 పైన చూపిస్తే కింద లప్పం ఉన్నట్టే. ఈ బండిలో టాపు, ఎడమ డోర్లు రెండూ 130 దగ్గరే ఉన్నాయి. కుడి వెనక మడ్‌గార్డు దగ్గర 700 దాటింది, అయస్కాంతం పట్టుకోలేదు. ఆ పక్క ఎప్పుడో గట్టిగానే తగిలింది.

జంగు (తుప్పు) ఎక్కడుందో చూడాలంటే పైన చూస్తే తెలియదు. అంబాసిడర్‌లో జంగు డోర్ల కింది అంచుల్లో, డోరు కింద పొడుగ్గా ఉండే పట్టీలో, బ్యాటరీ కింద రేకులో, డిక్కీలో స్టెప్నీ కింద, వెనక అద్దం రబ్బరు చుట్టూ పడుతుంది. డిక్కీలో కార్పెట్ ఎత్తగానే రెండు చోట్ల నేల కనిపించింది. వెనక అద్దం రబ్బరు ఎండకు గట్టిపడి పగిలితే వాననీళ్లు లోపలికి దిగి డిక్కీలో నిలుస్తాయి. రంధ్రాలకు కారణం అదే. అది ముందు ఆపకుండా కింద రేకు వేస్తే రెండు వానాకాలాల్లో మళ్లీ మొదటికొస్తుంది.

ఆ తర్వాత ట్రిమ్. డిక్కీ మూత మీద ఆవిగో బ్యాడ్జీ లేదు. బ్యాడ్జీ ఉండాల్సిన చోట వేలితో తడిమితే నున్నగా ఉంది. డిక్కీ తెరిచి మూత లోపలి వైపు టార్చ్ వేసి అద్దంలో చూస్తే రెండు చిన్న రంధ్రాలు, వాటిలో నింపిన లప్పం కనిపించాయి. బ్యాడ్జీ పిన్నులు దిగే రంధ్రాలు అవి. నాకు ఇది మంచి గుర్తు. ఎవరో మామూలు అంబాసిడర్‌ను ఆవిగోగా చూపించాలనుకుంటే బ్యాడ్జీని గమ్‌తో అతికిస్తారు తప్ప, పాత రంధ్రాలు చేసి వాటిని లప్పంతో మూసి పెట్టరు. బ్యాడ్జీ లేని బండి అయినా బ్యాడ్జీ ఉండేదని రుజువు దొరికింది.

డ్యాష్‌బోర్డు మధ్యలో మీటర్లు ఉన్నాయి, స్పీడోమీటర్ ముల్లు మాత్రం కదలదు. చెక్క రంగు ప్యానెల్‌లో డ్రైవర్ వైపు ముక్క మీద బజారులో మీటరు లెక్కన అమ్మే చెక్క స్టిక్కర్ వేశారు. దాని అంచు లేస్తోంది. గ్రిల్లు మీద వెండిరంగు స్ప్రే కొట్టారు. సీట్లకు మెరూన్ రంగు రెక్సిన్ కవర్లు బిగించి కుట్టారు.

"సీటు కవర్లు కొత్తవే తమ్మీ, తొమ్మిది వేలు పెట్టి వేయించిన" అన్నాడాయన.

ఆ కవరు నాకు వద్దు, దాని కిందిది కావాలి. వెనక సీటు కింది భాగం ముందుకు లాగి లేపితే కవరు అంచు కుట్టు దొరికింది. ఆయనను అడిగి బ్లేడుతో రెండంగుళాలు కోసి చూశాను. లోపల లేత గోధుమ రంగు గుడ్డ, ఎండ తగలక రంగు అసలే పోలేదు. పక్కన ఫోమ్ మాత్రం వేలు పెడితే పొడిపొడిగా రాలింది. ఫోమ్ ఎప్పుడైనా దొరుకుతుంది, ఆ గుడ్డ ఇప్పుడు ఎక్కడా దొరకదు. ఆ క్షణాన బండి తీసుకోవాలని మనసులో గట్టిగా అనిపించింది. బేరం అయ్యేదాకా ఆ సంతోషం ముఖంలో కనిపించకుండా ఉండటం కష్టమైంది.

కాగితాలు చూస్తే రెండు విషయాలు బయటపడ్డాయి. ఒకటి, ఆర్‌సీలో మోడల్ దగ్గర 'అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్' వరకే ఉంది, ఆవిగో అన్న మాటే లేదు. ట్రిమ్ పేరు ఆర్‌సీలో ఎక్కకపోతే ఇన్సూరెన్స్ వాళ్లకు, బ్యాంకు వాళ్లకు ఆ బండి మామూలు అంబాసిడరే. అందుకని 2005లో షోరూం ఇచ్చిన ఇన్వాయిస్, ఫారం 21 సేల్ సర్టిఫికెట్, సర్వీసు పుస్తకం అడిగాను. ఇన్వాయిస్ జిరాక్స్ దొరికింది. అందులో ఆవిగో అని, చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు రాసి ఉన్నాయి. బండి మీది నంబర్లతో ఒక్కో అంకె సరిచూశాను. చాసిస్ నంబరు మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు దిగుతుంది, ఆ కాగితం దాచుకోవాలి. ట్రిమ్‌కు డబ్బు కడుతున్నామంటే ఈ ఇన్వాయిస్‌కు కడుతున్నట్టే. అది లేకపోతే నేను ట్రిమ్‌కు పాతిక వేలకు మించి ఇచ్చేవాణ్ణి కాదు.

రెండోది, ఆర్‌సీ మీద హైపోతికేషన్ (బండి మీద బ్యాంకు అప్పు ఉందన్న నమోదు) అలాగే ఉంది. బండికి తీసుకున్న అప్పు ఎన్నో ఏళ్ల కింద తీరిపోయింది, కానీ ఫారం 35 పెట్టి దాన్ని ఎవరూ తీయించలేదు. అప్పిచ్చిన బ్యాంకు ఈలోగా ఇంకో బ్యాంకులో కలిసిపోయింది. దాని సంగతి కింద రాస్తాను.

బేరం ఇలా చేశాను. ముందు మామూలు 1800 అనుకుని లెక్క కట్టాను. మంచి కండిషన్‌లో ఉంటే 1,80,000. దీంట్లో డిక్కీ అడుగు, కుడి వెనక పక్క, టైర్లు, బ్రేకులు చేయించాలి కాబట్టి 1,35,000 అన్నాను. తర్వాత ఆవిగో ముక్కలకు విడివిడిగా విలువ వేశాను. సీట్ల అసలు గుడ్డ ఉంది, మీటర్లు మధ్యలో ఉన్నాయి, ముందు భాగం ఉంది, ఇన్వాయిస్ ఉంది. వీటికి కలిపి లక్ష. బ్యాడ్జీ లేదు, ప్యానెల్‌లో ఒక ముక్క పోయింది, గ్రిల్లు పాడైంది, వాటికి ఏమీ కలపలేదు. మొత్తం 2,35,000. ఆయన మొదట ఒప్పుకోలేదు. "పేపర్ల పెట్టిన ధర చూడు, అందరు మూడున్నర అంటున్రు" అన్నాడు. ప్రకటనల్లో అడిగే ధర వేరు, బండి చేతులు మారే ధర వేరు. పది రోజుల తర్వాత ఆయనే ఫోన్ చేశాడు. సెప్టెంబర్ చివర్లో ఇరవై వేలు బయానా ఇచ్చి, హైపోతికేషన్ తీసే బాధ్యత ఆయనదని కాగితం మీద రాయించుకున్నాను. ఈ ఒక్క వాక్యం రాయించుకోకపోతే తర్వాత రెండు నెలలు నిద్ర ఉండేది కాదు.

బ్యాంకు దగ్గర ఆలస్యం తప్పలేదు. పాత బ్రాంచి ఫైళ్లు కలిసిన బ్యాంకు వేరే ఊళ్లో పెట్టింది. అప్పు ఖాతా నంబరు లేకుండా వెతకలేమన్నారు. ఆయన పాత పాస్‌బుక్ పుస్తకాల మధ్య దొరికాకే పని కదిలింది. అక్టోబర్ మొదట్లో అడిగితే నో డ్యూ సర్టిఫికెట్, సంతకాలు చేసిన ఫారం 35 నవంబర్ రెండో వారంలో చేతికొచ్చాయి. ఆ సమయంలో ఆయనకంటే నాకే ఎక్కువ గాబరా. బండి రిజిస్ట్రేషన్ గడువు డిసెంబర్‌తో అయిపోతోంది. 2005 డిసెంబర్‌లో రిజిస్టర్ అయింది, పదిహేనేళ్లకు 2020లో ఒకసారి రెన్యువల్ చేశారు, అది ఐదేళ్లే. అంతలోపల పేరు మారకపోతే రెన్యువల్ పాత యజమాని పేరు మీదే జరగాలి.

బ్యాంకు కాగితాల కోసం చూస్తూ అక్టోబర్‌లో బండిని ట్రాలీ మీద వరంగల్ ఆటోనగర్‌కు తెప్పించాను. మూడేళ్లు నిలిచిన బండిని స్టార్ట్ చేసి నడిపించుకు రావొద్దు. ట్యాంకులో పెట్రోలు జిగురులా మారి ఉంటుంది, అది పంపు, ఇంజెక్టర్ల దాకా పోతే ఖర్చు రెట్టింపు. ట్యాంకు దించి కడిగించాం. పెట్రోలు పైపులన్నీ ఇ20 పెట్రోలుకు ఆగే రకం వేయించాం. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, దానికి పాత రబ్బరు పైపులు ఉబ్బి మెత్తబడి కారతాయి. వైరింగ్‌ను రెండు చోట్ల ఎలుకలు కొరికాయి. బ్రేకు సిలిండర్లు, నాలుగు టైర్లు, బ్యాటరీతో కలిపి మెకానిక్ పని 31,000 అయింది. అంబాసిడర్ మెకానిక్ పని గురించి ఇంతకంటే రాయాల్సింది లేదు. వరంగల్‌లో ఈ ఇంజన్ మీద చేయి తిరిగినవాళ్లు ఇంకా ఉన్నారు, మామూలు సామాను దొరుకుతుంది.

టింకరింగ్, రంగుకు 52,000. ముందు వెనక అద్దం రబ్బరు మార్చి, తర్వాతే డిక్కీ అడుగు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాం. కుడి వెనక పక్క లప్పం మొత్తం తీసేసి రేకు నుంచి లాగించాం. రంగు ఆ పక్కకే వేయించాను. షెడ్డులో అందరూ "మొత్తం వేసేద్దాం అన్నా, కొత్త బండిలా ఉంటది" అన్నారు. వద్దన్నాను. అసలు రంగు మిగిలిన టాపు, ఎడమ పక్క ఈ బండిలో విలువైనవి. కొంచెం వెలిసినా ఫ్యాక్టరీ రంగు ఉందని మీటర్ పెట్టి చూపించవచ్చు. రంగు మార్చాలనుకునేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: ఆర్‌సీలో రాసిన రంగు, బండి రంగు ఒకటి కాకపోతే ఆర్టీఏలో ముందు దాన్ని మార్పించాలి.

ఇక ట్రిమ్ పని. నాకు ఎక్కువ ఓపిక పట్టింది ఇక్కడే, డబ్బు పెద్ద మొత్తమేమీ కాదు.

సీట్లు విప్పే ముందు ప్రతి కోణం నుంచి ఫొటోలు తీయాలి. కుషన్ పని చేసే మనిషికి మొదటి మాటగా చెప్పింది: గుడ్డ కోయొద్దు, కుట్టు విప్పు. రెక్సిన్ కవరు తీశాక కింద అసలు గుడ్డ సీటు ఫ్రేముకు చిన్న ఇనుప రింగులతో బిగించి ఉంది. కటింగ్ ప్లయర్‌తో ఆ రింగులు ఒక్కోటి కత్తిరించి గుడ్డ విడదీశాం. లాగితే కుట్టు దగ్గర చిరుగుతుంది. గుడ్డను సర్ఫు నీళ్లలో నానబెట్టొద్దు, లేత గోధుమ రంగు మీద మరకలు ముదురు గీతలుగా తేలతాయి. తడి బట్టతో, మెత్తని బ్రష్‌తో తుడిచి నీడలో ఆరబెట్టాం. డ్రైవర్ సీటు ఎడమ అంచు దగ్గర గుడ్డ పూర్తిగా అరిగిపోయింది. వెనక సీటు వీపు వెనకాల, డిక్కీ వైపు కనపడకుండా మడిచిన గుడ్డ ఉంటుంది. అందులోంచి అరచేయంత ముక్క తీసి ఇక్కడ కుట్టించాం. రంగు కలిసిపోయింది. కొత్త ఫోమ్, కొత్త రింగులు, కూలీ కలిపి 19,500. పదిహేను రోజుల్లో ఇస్తానన్నది నెల దాటింది, పెళ్లిళ్ల సీజన్‌లో ఆ షాపులకు బస్సు సీట్ల పని ఎక్కువ.

ప్యానెల్ మీది స్టిక్కర్ తీయడానికి హెయిర్ డ్రయర్ చాలు. వేడి తగిలిస్తూ, ప్యానెల్‌కు దాదాపు ఆనించినట్టుగా వెనక్కి నెమ్మదిగా లాగాలి. పైకి లాగితే కింద పొర కూడా లేచి వస్తుంది. మిగిలిన జిగురుకు థిన్నర్ వాడొద్దు, ప్లాస్టిక్ కరిగి తెల్లబడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మెడికల్ షాపుల్లో, ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరుకుతుంది, దానితో పోతుంది. మా ఎండలకు ఏళ్ల తరబడి అద్దం కింద కాలిన ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది. చలికాలం పొద్దున పూట విప్పితే క్లిప్పులు పుటుక్కున విరుగుతాయి. మధ్యాహ్నం ఎండలో గంటసేపు పెట్టి విప్పితే వంగుతాయి, విరగవు.

స్టిక్కర్ కింద చెక్క రంగు పొర సగం చిరిగిపోయింది. అలాంటి ముక్కకు హైదరాబాద్‌లో హైడ్రో డిప్పింగ్ చేస్తారు. పాత పొర గీకి, 400 నంబరు గరుకు కాగితంతో, తర్వాత 800తో రుద్ది, ప్లాస్టిక్ ప్రైమర్, అడుగు రంగు వేస్తారు. చెక్క గీతలు ముద్రించిన పొరను 30 డిగ్రీల దగ్గర ఉన్న నీళ్ల మీద పరిచి, అది మెత్తబడ్డాక మందు స్ప్రే చేసి, ముక్కను ముంచి తీస్తారు. పైన క్లియర్ కోట్. అసలు గీతలకు అచ్చంగా సరిపోయే పొర దొరకలేదు, దగ్గరిది ఎంచుకున్నాం. అడుగు రంగు కొంచెం తేడా వచ్చినా చెక్క మొత్తం ఎర్రగా కనిపిస్తుంది, అందుకే మొదట ఒక పనికిరాని ప్లాస్టిక్ ముక్క మీద చేయించి చూడాలి. మిగిలిన ప్యానెల్ కూడా ముంచితే అంతా ఒకే రంగు ఉంటుందన్నారు. అవి అసలువి, ముట్టుకోనివ్వలేదు. ఆరిపోయాక డ్రైవర్ వైపు ముక్క, పక్కవాటికంటే కాస్త ముదురుగా ఉంటుంది. ఉండనిచ్చాను. తెచ్చుకోవడం, పోవడం కలిపి 11,000, మూడు వారాలు.

స్పీడోమీటర్ విప్పే ముందు కేబుల్ చూడాలి. గేర్‌బాక్స్ దగ్గర కేబుల్ విప్పి లోపలి తీగను వేళ్లతో తిప్పితే రెండో కొస తిరగాలి. తిరగలేదు, తీగ లోపలే తెగింది. కేబుల్ మార్చాక ముల్లు కదిలింది గానీ వణికింది, లోపల గ్రీజు ఎండి గట్టిపడింది. మీటర్ రిపేరు చేసే ఆయన శుభ్రం చేసి ఇచ్చాడు. రీడింగ్ ముట్టుకోవద్దని ముందే చెప్పాను, విప్పే ముందు, బిగించాక ఫొటో తీశాను. అన్నీ కలిపి 6,500. ఈ మీటర్ సెట్టు మామూలు అంబాసిడర్‌ది వేయడానికి వీల్లేదు, డ్యాష్‌బోర్డే వేరు. ఇది పూర్తిగా పోయిన ఆవిగో దొరికితే నేనైతే మామూలు 1800 ధరకే అడుగుతాను.

బ్యాడ్జీ కోసం కలకత్తా మల్లిక్ బజార్‌లో పాత సామాన్లు అమ్మేవాళ్లతో ఫోన్ మీద మాట్లాడాం. అంబాసిడర్లు తయారైన ఉత్తరపారా అక్కడికి దగ్గరే. 2014లో ఫ్యాక్టరీ ఆగిపోయినా సామాను ఆ చుట్టుపక్కలే ఎక్కువ తిరుగుతుంది. కొత్తగా అచ్చు పోసిన నకిలీ బ్యాడ్జీలు కూడా అమ్ముతారు. తేడా వెనక్కి తిప్పి చూస్తే తెలుస్తుంది. పిన్నులు ఉండాలి, టేపు ఉండకూడదు. డబ్బు పంపే ముందు పిన్నుల మధ్య దూరం స్కేలు పెట్టి ఫొటో పంపమన్నాను. డిక్కీ మూత రంధ్రాలతో సరిపోయింది. గ్రిల్లు మీది స్ప్రే రంగును మెత్తగా తీయిస్తే కింద మెరుపు చాలావరకు మిగిలే ఉంది. రెండు చోట్ల ఊడింది. మన దగ్గర క్రోమింగ్ షాపులు ఇనుము, ఇత్తడి ముక్కలకు చేస్తాయి, ప్లాస్టిక్ మీది క్రోమ్ వాళ్ల తొట్టెలో అంటదు. ప్లాస్టిక్‌కు క్రోమ్ రంగు స్ప్రే చేస్తామనేవాళ్లు ఉన్నారు, ఏడాదికి పసుపు పచ్చగా మారుతుంది. అందుకని ఊడిన చోట్లు అలాగే వదిలాను. బ్యాడ్జీ, పార్శిల్, గ్రిల్లు శుభ్రం చేయించడం 9,000.

ఫారం 35 రాగానే నవంబర్ మూడో వారంలో ఫారం 29, ఫారం 30తో పేరు మార్పుకు స్లాట్ బుక్ చేశాం. మిగతా డబ్బు ఆ రోజే ఇచ్చాను. కార్డు పోస్టులో రావడానికి మూడు వారాలు. ఏపీ 15 నంబరు అలాగే ఉంటుంది, పాత కరీంనగర్ నంబరు మారదు. డిసెంబర్‌లో ఫారం 25తో రెన్యువల్. ఈ దరఖాస్తు గడువుకు 60 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు. 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్లు దాటిన కారుకు రెన్యువల్ ఫీజు 10,000 అయింది, అంతకుముందు 5,000 ఉండేది. గ్రీన్ ట్యాక్స్ వేరే. ఎంవీఐ (ఆర్టీఏలో బండి తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్) చాసిస్ నంబరు, లైట్లు, హారన్, బ్రేకు, పొల్యూషన్ సర్టిఫికెట్, హై సెక్యూరిటీ ప్లేటు చూశాడు. వెనక ఒక రిఫ్లెక్టర్ లేదని వెనక్కి పంపాడు. రిఫ్లెక్టర్ ధర ఎనభై రూపాయలు, దాని కోసం మళ్లీ స్లాట్‌కు పన్నెండు రోజులు ఆగాల్సొచ్చింది. ఆవిగో అని ఆర్‌సీలో రాయించవచ్చా అని అడిగాను. మోడల్ పేరు సేల్ సర్టిఫికెట్ నుంచి ఎక్కించిందే ఉంటుంది, ట్రిమ్‌కు విడిగా గడి లేదన్నారు. కాగితాల ఖర్చు, ట్రాలీ అన్నీ కలిపి 19,000.

ఇన్సూరెన్స్‌లో ఆన్‌లైన్‌లో చూస్తే బండి విలువ 40,000 చూపించింది. ఐదేళ్లు దాటిన బండ్లకు, తయారీ ఆగిపోయిన మోడళ్లకు ఐడీవీ (పాలసీలో రాసే బండి విలువ) పట్టిక ప్రకారం ఉండదు, కంపెనీ, యజమాని మాట్లాడుకుని ఒప్పుకున్న విలువే. అందుకని ఆన్‌లైన్‌లో కట్టకుండా బ్రాంచికి పోవాలి. ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ) లైసెన్సు ఉన్న సర్వేయర్‌తో 2,500 ఇచ్చి వాల్యుయేషన్ రిపోర్టు రాయించి, ఇన్వాయిస్, ఫొటోలు జతచేశాను. పాత పాలసీ ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి బండి తనిఖీ కూడా చేశారు. చివరికి 2,00,000కు ఒప్పుకున్నారు. ట్రిమ్ పేరు మాత్రం పాలసీలో లేదు. పైగా క్లెయిమ్ వస్తే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం తరుగు తీసేస్తారు. ఆవిగోను ఆవిగో చేసే ముక్కల్లో ఎక్కువ ప్లాస్టిక్కే. ఆ బిల్లులన్నీ విడిగా ఫైల్ చేసి పెట్టుకున్నాను.

మొత్తం ఖర్చు: బండి 2,35,000, మెకానిక్ 31,000, బాడీ 52,000, ట్రిమ్ 46,000, కాగితాలు 19,000. కలిపితే 3,83,000, ఇన్సూరెన్స్ కాకుండా.

జనవరిలో ఇద్దరు అడిగారు. కరీంనగర్‌లో పెళ్లిళ్లకు బండ్లు కిరాయికి ఇచ్చే ఆయన 2,10,000 అన్నాడు. ఆయనకు కావాల్సింది తెల్ల అంబాసిడర్. సీట్ల మీద తెల్ల కవర్లు వేస్తాడు, ముందు పూలు కడతాడు. మధ్యలో మీటర్లు ఆయనకు పనికిరావు, పైగా రంగు మార్చే ఖర్చు తగ్గించి అడిగాడు. రెండో ఆయన హైదరాబాద్‌లో పాత బండ్లు పోగుచేసేవాడు. ముందు ఇన్వాయిస్, డిక్కీ మూత లోపలి రంధ్రాల ఫొటో, సీటు విప్పినప్పటి ఫొటోలు పంపమన్నాడు. ఆ తర్వాత 3,60,000 అన్నాడు. ముదురు రంగు వచ్చిన ప్యానెల్ ముక్క గురించి అడిగితే దాచకుండా చెప్పాను, మిగతావి ముంచనందుకు సంతోషించాడు. గ్రిల్లుకు స్ప్రే వేయించి ఉంటే తగ్గించి అడిగేవాణ్ణన్నాడు. ఇదే కండిషన్‌లో మామూలు 1800కు ఎంత ఇస్తావంటే రెండున్నర లక్షలకు మించదన్నాడు. అంటే ఆయన లెక్కలో ట్రిమ్ విలువ లక్షా పది వేలు. నేను కొన్నప్పుడు దానికి వేసింది లక్ష, బాగుచేయడానికి పెట్టింది 46,000.

ఇప్పుడు అమ్మడం లేదు. ఆయన అడిగిన ఫొటోలు, ఇన్వాయిస్ జిరాక్స్, కుషన్ మనిషి తీసిన పాత రింగులు, హైడ్రో డిప్పింగ్ బిల్లు, చాసిస్ పెన్సిల్ అచ్చు అన్నీ ఒక ఫైల్లో పెట్టాను. మీరు కొనబోయే బండికి ఇలాంటి ఫైలు ఉందేమో బయానాకు ముందే అడగండి. లేదంటే సీటు కవరు అంచు, డిక్కీ మూత లోపలి వైపు, ప్యానెల్ విప్పితే కనిపించే వెనక వైపు ఫొటోలు పంపమనండి. ఆ మూడూ పంపనివాళ్లకు మామూలు బండి ధరే చెప్పండి.